అనంతగిరి ఘాటీలో దుంగ కట్టిన కారు

అరకు వెళ్ళొచ్చానని చెబితే మా విజయనగరంలో అందరూ మొదట అడిగేది "జ్వరం తగిలిందా?" అని. తగల్లేదు. క్వినైను మింగాను, కాచిన నీళ్ళు తాగాను, దోమతెరలో పడుకున్నాను. రెండో ప్రశ్న, "కారు ఉందా, పోయిందా?" అని. కారు బాగానే ఉంది. కాస్త పొగరు మాత్రం తగ్గింది, దానికి కాదు, నాకు.

నేను వృత్తికి ప్లీడరుని, పిచ్చికి మోటారు మనిషిని. మద్రాసు నుంచి రెండు, సీమ నుంచి ఒకటి మోటారు పత్రికలు తెప్పించుకుంటాను. సీమ పత్రిక ఓడ దిగి నా దాకా వచ్చేసరికి అందులో వార్తలు పాతబడిపోతాయి కాని, నాకు మాత్రం వేడివేడిగానే ఉంటాయి. కక్షిదారులు వరండాలో పడిగాపులు కాస్తుంటే లోపల నేను కార్బొరేటరు బొమ్మ చూస్తూ కూర్చుంటానని మా ఆవిడ ఊరంతా చాటింది. అబద్ధమని ప్రమాణం చెయ్యలేను.

దారిలో మాటిమాటికీ అడ్డు తగలకుండా నా అభిప్రాయాలన్నీ ఇక్కడే కక్కేస్తాను. యుద్ధం తరవాత మన దాకా వచ్చిన కొత్త సరుకులో నేను చేతులెత్తి దండం పెట్టేది సెల్ఫు స్టార్టరుకి. ఇంజను తిప్పే హేండిలు వెనక్కి తన్ని మణికట్టు విరగ్గొట్టుకున్న డ్రైవర్లు మా ఊళ్ళోనే ఇద్దరున్నారు. గాలి తక్కువ పట్టే ఆ లావుపాటి టైర్లూ మంచివే. నడుమున్న ప్రతివాడూ ఒప్పుకుంటాడు. ఇక అద్దాల తలుపుల మూత కార్లంటారా, అవి మంచు కురిసే దేశాలకి. మన ఎండలో అందులో కూర్చుంటే ఇడ్లీకి పట్టిన గతే మనకీ పడుతుంది. పంచాంగం మార్చినట్టు ఏటా కొత్త మోడలు దించడం నాకు సుతరామూ గిట్టదు. నిరుటి కారు చేసిన పాపమేమిటో ఒక్క కంపెనీ వాడూ చెప్పడు. ఇంగ్లీషు కారు మంచి రోడ్డు మీద పుట్టిన పెద్దమనిషి. మన గోతులకి ఎత్తు కాళ్ళ అమెరికా బండే తగును. రంగురంగుల కార్ల గురించి మా ఆవిడ అభిప్రాయం వేరు కనక నేను మాట్లాడను.

అన్నిటికన్నా నాకు ఒళ్ళు మండేది కొత్తగా పుట్టిన నాలుగు చక్రాల బ్రేకుల వెర్రి. ఇన్నాళ్ళూ వెనక చక్రాలు పడితే కార్లు ఆగలేదా? ముందు చక్రాలు పట్టేస్తే బండి మూతి నేలకేసి గుద్దుకోదా? ఈ సంగతి మీద మా బావమరిది కామేశంతో ఆర్నెల్లుగా వాదం నడుస్తోంది. వాడు రైల్వేలో గుమాస్తా. వాడికి కారు లేదు, అందుకే కొత్త కార్లన్నీ వాడికి నచ్చుతాయి. "బావా, నీ పాత బండితో అనంతగిరి ఘాటీ ఎక్కి దిగి చూపించు, నోరు మూసుకుంటాను" అన్నాడు. కోర్టుకి వరసగా నాలుగు రోజులు సెలవొచ్చింది, వానలు వెనకపట్టాయి. సరే పదరా అన్నాను.

బొడ్డవర

గురువారం తెల్లవారి బయల్దేరాం. శృంగవరపుకోటలో ఒక ముసలమ్మ అరుగు మీద కూర్చుని దిబ్బరొట్టి తిన్నాం. అర్ధణాకి అరచేతి మందాన రొట్టె, మీద చెరుకు పానకం. మా ఊరి కాఫీ హోటలు వాడు అర్ధణాకి నమస్కారం కూడా పెట్టడు.

బొడ్డవర కొండ కింద ఊరు. ఎక్కే బళ్ళు, దిగిన బళ్ళు అక్కడే ఊపిరి పీల్చుకుంటాయి. పైకి ఉప్పు, బట్ట, కిరసనాయిలు పోతాయి. కిందికి పసుపు, చింతపండు, కందులు వస్తాయి. బండివాళ్ళు మా కారు చుట్టూ మూగారు. పట్నంలో అయితే ముందు హారను నొక్కమంటారు. వీళ్ళు అలా కాదు. ఒకతను వంగి ఇరుసు కిందికి చెయ్యి పోనిచ్చి, వేలికంటింది వాసన చూశాడు.

"ఇదేటి నూని బావూ? ఆవుదం కాదే!"

"గ్రీజంటారు. సీమ సరుకు" అన్నాడు కామేశం.

"మా ఇరుసులకి దినానికి గిద్దెడు ఆవుదం పడతాది. మరి దీనికి?"

"నెలకోసారి పెడితే చాలు."

"నెలకోసారా!" అని అతను మెచ్చుకోలుగా పక్కవాడి మొహం చూశాడు. ఆ తరవాత పెట్రోలు డబ్బా ఖరీదు అడిగాడు, ఎన్ని డబ్బాలు తెచ్చామో చూశాడు, ఒక్క క్షణం ఆలోచించాడు. "ఆ డబ్బులెడితే నా జత ఎద్దులు సంకురేత్రి దాకా మేస్తాయి బావూ" అన్నాడు. నేను చదివే పత్రికల్లో మైలుకి ఎంతవుతుందని పేజీలకి పేజీలు రాస్తారు కాని, ఇంత సూటిగా తేల్చిన సంపాదకుడు ఒక్కడూ లేడు.

ఘాటీ ఎక్కుడు

మొదటి నాలుగు మైళ్ళూ పెళ్ళికి వెళ్ళినట్టు వెళ్ళాం. ఆ తరవాత ఓ మలుపులో ఇంజను దగ్గి ఆగిపోయింది. కారణం నాకు తెలుసు. మా కారులో పెట్రోలు తొట్టి సీటు కింద ఉంటుంది. అక్కణ్ణుంచి ఇంజనుకి పెట్రోలు దానంతట అదే జారాలి. రోడ్డు మరీ నిట్టనిలువుగా ఉంటే ఇంజను పైకీ తొట్టి కిందికీ అయిపోయి, జారడం మానేస్తుంది. దీనికి విరుగుడు ఒకటే. కారుని వెనక్కి తిప్పి రివర్సు గేరులో ఎక్కించాలి. కామేశం దిగి దారి చూపిస్తుంటే, నేను మెడ వెనక్కి విరుచుకుని గంటన్నర సేపు వెనక్కి వెనక్కి కొండెక్కాను.

కాఫీ తోటలో పళ్ళు ఏరుతున్న ఆడవాళ్ళు బుట్టలు దించి మరీ నవ్వారు. వాళ్ళలో పెద్దావిడ మాత్రం నవ్వలేదు. నిప్పు లోపలికి పెట్టుకుని కాలుస్తున్న చుట్టని నోట్లోంచి తీసి నన్ను నిలదీసింది.

"కొండమీద అమ్మోరికి ఈపు సూపించి ఎక్కుతావేటి బావూ? మొకం సూపించి గదా రావాల?"

తప్పేనమ్మా అన్నాను. ఘాటీ తల దగ్గర ఒక రాళ్ళ కుప్ప ఉంది. ఎక్కినవాళ్ళందరూ దాని మీద ఒక పచ్చి రెమ్మ వేసి దండం పెట్టుకుంటారు. మేమూ కారు దిగి, బుద్ధిగా మొహాలు చూపించి రెమ్మలు వేశాం. మా ఊళ్ళో అయితే ఈపాటికి అక్కడో హుండీ వెలిసేది.

అప్పటికి కారు కింద నుంచి కమురు వాసన వస్తోంది. రివర్సుకీ బ్రేకుకీ లోపల పట్టీలుంటాయి. గంటన్నర ఎక్కుడుకి అవి మాడాయి. చల్లారితే సర్దుకుంటుందని కామేశానికి చెప్పాను. "విడి పట్టీలు తెచ్చావా బావా?" అని అడిగాడు. రెండు ట్యూబులు, గాలి పంపు, బిస్కత్తుల డబ్బా, మూడు మోటారు పత్రికలు తెచ్చాను. పట్టీలు తేలేదు.

అరకు సంత

ఆ రాత్రి అనంతగిరి బంగళాలో పడుకుని, శుక్రవారం పొద్దున్నే అరకు లోయకి వెళ్ళాం. చూడనివాళ్ళకి ఆ లోయ గురించి ఏం చెప్పను! చుట్టూ కొండలు, మధ్యలో పళ్ళెంలా చేలు, చేలనిండా వలిసె పూలు. ఆ పసుపు చూసి నా కళ్ళు నిండిపోయాయి. "ఈ రంగు కారొస్తే కొంటావా బావా?" అన్నాడు కామేశం. మీ అక్కయ్యతో అనకురా అన్నాను.

సంతలో బేరమంతా ఆడవాళ్ళదే. మగవాళ్ళు బరువులు దించి పక్కన కూర్చుంటారు. బేడకి బుట్టెడు కమలాపళ్ళు ఇచ్చారు. మా ఊళ్ళో బేడకి ఆరిస్తాడు, అందులో రెండు కుళ్ళినవి. ఉప్పుకి డబ్బులు అక్కర్లేదు, తవ్వకి తవ్వ కందులు కొలిచి పోస్తారు. బుట్ట అడుగున చివరి పిడికెడు మాత్రం ఎంత ఇచ్చినా అమ్మరు. ఒట్టి బుట్టతో ఇంటికి పోకూడదట. అడ్డాకు డొప్పలో చోడంబలి పోయించుకుని తాగాం, నంచుకోవడానికి పచ్చిమిరపకాయ, ఉప్పు. ఈ సంగతి మా అమ్మకి చెప్పలేదు. ఆవిడ ఇది చదవదు కనక ధైర్యంగా రాస్తున్నాను.

డొప్ప కింద పెట్టేలోగా, కోటు తొడుక్కున్న ఒక బక్కపలచని మనిషి చెప్పులు చేత్తో పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. పేరు సామ్యేలు. బొబ్బిలి వైపు వాడు, మిషను వాళ్ళ బడిలో పన్నెండేళ్ళుగా ఇక్కడే మేష్టారు. కారు చప్పుడు విని పిల్లల్ని వదిలేసి వచ్చాడు.

"అయ్యా, ఈ బండి విజయనగరం ఎప్పుడు వెళ్తుందండి?"

"ఆదివారం."

"రేపు చీకటి పడేలోగా వెళ్ళగలదాండి?" అని చేతిలో ఉత్తరం చాపాడు.

విజయనగరంలో మిషను వాళ్ళు ఆడపిల్లలకి పంతులమ్మ చదువు చెప్పే బడి నడుపుతున్నారు. ఈ ఏడు కొండపిల్లలకని ఒకే ఒక్క చోటు ఉంచి, దాన్ని ఈయన బడిలో చదివే సుక్రి అనే పదమూడేళ్ళ పిల్లకి ఇచ్చారు. శనివారం సాయంత్రంలోగా చేరకపోతే ఆ చోటు వేరే పిల్లకి పోతుంది. ఉత్తరం ఏ ఏ ఊళ్ళు తిరిగిందో గాని టపా మనిషి ఆ పొద్దున్నే తెచ్చి ఇచ్చాడు. నడిచి వెళ్ళాలంటే మూడు రోజులు.

"పన్నెండేళ్ళలో ఈ లోయలోంచి ఒక్క ఆడపిల్ల పై చదువుకి వెళ్ళలేదండి. ఈ పిల్ల చదువుకుని తిరిగొస్తే వీళ్ళ పిల్లలకి వీళ్ళ మాటలోనే చెబుతుంది. నేనెంత చెప్పినా పల్లం వాణ్ణే గదండీ" అన్నాడు సామ్యేలు మేష్టారు.

నా ఛాతీ ఉబ్బిపోయింది. ఈ మోటారు వల్ల లోకానికి ఒరిగిందేమిటని మా అమ్మ రోజూ అడుగుతుంది. ఆరు గంటల్లో దింపేస్తానండి అన్నాను.

గాసన్న వాకిలి

పిల్ల తండ్రి పేరు గాసన్న. కొండ వాలున చోళ్ళు, సామలు పండిస్తాడు. కోతలయ్యాక బళ్ళ కాలంలో ఘాటీ తల దగ్గర దుంగలు కడతాడు. ఇదేమిటో పల్లం వాళ్ళకి చెప్పాలి. బరువు బండి కొండ దిగేటప్పుడు ఎద్దుల మెడల మీదికి దూసుకుపోకుండా వెనకాల పచ్చి దుంగ కట్టి ఈడ్పిస్తారు. అది నేలని గీరుకుంటూ బండిని వెనక్కి పట్టి ఉంచుతుంది. చక్రమున్నదేదీ దుంగ లేకుండా ఆ ఘాటీ దిగకూడదని అక్కడి కట్టుబాటు.

గాసన్న కూతుర్ని పంపనని అనలేదు. కారు చుట్టూ ఒకసారి తిరిగి, "ఇది ఎన్ని బస్తాల ఉప్పు బరువుంటాది బావూ?" అని అడిగాడు.

"ఎందుకు?"

"దుంగ కొట్టాల గదా."

నాకు చిర్రెత్తుకొచ్చింది. ఇది ఎడ్లబండి కాదు, కాలి కింద బ్రేకుంది, తొక్కితే ఎక్కడ కావాలంటే అక్కడ ఆగుతుందని ఇంజను మూత ఎత్తి మరీ ఉపన్యాసం ఇచ్చాను. అతను ఓపిగ్గా విన్నాడు.

"తొక్కేది మీ కాలు గదా బావూ. కాలికి దడ పుడితేనో? దుంగకి దడ పుట్టదు. దుంగ కట్టకపోతే నా గుంట ఎక్కదు."

"అలాగైతే నీ పిల్ల ఇక్కడే ఉంటుంది" అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాను. సుక్రి గుమ్మంలో నిలబడి వింటోంది. చేతిలో బట్టల మూట అప్పటికే సిద్ధంగా ఉంది. మేష్టారు నా వంక చూసి చేతులు జోడించాడు. కామేశం నన్ను పక్కకి లాగి, "బావా, ఆ పిల్ల చదువు పెద్దదా, నీ పౌరుషం పెద్దదా?" అన్నాడు. ఘాటీ తల దాకా వెళ్ళాక చూద్దాంలే అని గొణిగాను. అది చాలు గాసన్నకి. గోడకి ఉన్న గొడ్డలి తీసుకున్నాడు. "రేపు పొద్దుట గుంటని తెండి. నాను ముందెల్లి దుంగ కొడతాను" అని, ఆ మధ్యాహ్నమే నడక మొదలెట్టాడు.

దిగుడు

శనివారం పొద్దున్నే సుక్రి వెనక సీట్లో మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. సామ్యేలు మేష్టారు ఆ పిల్ల నెత్తి మీద చెయ్యి వేసి ప్రార్థన చేసి దిగిపోయాడు. అనంతగిరి దగ్గర చిన్న పల్లం వచ్చింది. బ్రేకు తొక్కాను. కాలు నేలకి అంటింది గాని కారు తన దారిన తను పోయింది. చదునులో దానంతట అదే ఆగింది. పట్టీలు చల్లారి సర్దుకోలేదు, అరిగి పిప్పి అయిపోయాయి. చేతి బ్రేకుంది కాని, అది నిలబడ్డ కారుని నిలబెట్టడానికే పనికొస్తుంది. ఈ ముక్క ఘాటీ దిగకముందే నాకు తెలుసని నేను ఎవరికీ చెప్పలేదు. కామేశానికి ఇదిగో ఈ అచ్చులోనే తెలుస్తుంది.

ఘాటీ తల దగ్గర గాసన్న మద్ది దుంగ మీద కూర్చుని ఉన్నాడు. కొమ్మలు పూర్తిగా చెక్కకుండా బెత్తెడు మొదళ్ళు వదిలాడు, నేలని పట్టడానికి. పేనిన అడ్డనార తాడు సిద్ధంగా ఉంది. "కట్టు, పెద్దవాడివి, నీ మాటెందుకు కాదనాలి" అన్నాను, ఏదో పెద్ద మనసు చేసుకున్నవాడిలా. అతను కారు కిందికి దూరి, కారు ఒంటికి కాకుండా ఇరుసుకే రెండు చుట్లు వేసి కట్టాడు. తాడు పొట్టిదైతే దుంగ ఎగిరి చక్రాన్ని కొడుతుందట, పొడుగైతే మలుపులో లోయలోకి తిరుగుతుందట. మూడుసార్లు కొలిచాడు. నేను పత్రికల్లో చూసిన ఏ బ్రేకుకీ అంత జాగ్రత్తగా కొలత తియ్యడం వినలేదు.

"బేగి పోవొద్దు బావూ. ఎద్దు నడక."

ఎద్దు నడకే నడిచాం. గాసన్న కారెక్కలేదు. దుంగ వెంట దుమ్ములో నడిచాడు. వాలు ఎక్కువైన చోట దుంగ మీద కూర్చుని తన బరువు కలిపేవాడు, వాలు తగ్గగానే లేచేవాడు. సుక్రి వెనక్కి తిరిగి మోకాళ్ళ మీద కూర్చుని తండ్రినే చూస్తూ నాకు కబురు చెప్పేది.

"అయ్య కూసున్నాడు." అంటే దిగుడు రాబోతోంది.

"అయ్య నెగిసినాడు." అంటే పరవాలేదు.

ఇంత నమ్మకమైన సాధనం ఏ కారు పలక మీదా లేదు. సగం ఘాటీ దిగాక ఒక మలుపులో, అంతదాకా కారుని అదుపులో ఉంచిన చిన్న గేరు కూడా జారింది. కారు ఒక్కసారి ముందుకి దూకింది. నా కాలు ఊరికే నేలని తొక్కుతోంది. ఎదురుగా రోడ్డు లేదు, చెట్ల తలలు కనిపిస్తున్నాయి. సుక్రి "అయ్యా!" అని కేక పెట్టింది. వెనక నుంచి ఎవరో చొక్కా పట్టుకుని లాగినట్టు కారు గుంజుకుని ఆగింది. అంచుకి ఇంకా రెండు బారలుంది.

దిగి వెనక్కి పరిగెత్తాం. గాసన్న దుంగని రెండు చేతులా కావలించుకుని బోర్లా పడి ఉన్నాడు. మోచేతులు రెండూ చీరుకుపోయాయి. లేచి, దుమ్ము ఉమ్మి, ముందు తాడు ముడి చూసుకున్నాడు. ఆ తరవాత కూతురికేసి చూశాడు.

"దుంగ మంచిదే" అన్నాడు.

కామేశం ఆ మలుపు దాటాక నాలుగు చక్రాల బ్రేకుల మాట ఎత్తలేదు. ఎత్తకుండానే గెలిచాడు. నేను ఒప్పేసుకున్నాను: నాలుక్కీ ఉండాలి, వీలైతే అయిదోది కూడా.

విజయనగరం

బొడ్డవరలో దుంగ విప్పేసరికి మిట్టమధ్యాహ్నం దాటింది. కింద ఎవరికి కావాలంటే వాళ్ళు ఆ దుంగని పొయ్యిలోకి తీసుకుపోవచ్చు. కట్టినవాడు దాన్ని మళ్ళీ పైకి మొయ్యడు. గాసన్నని బతిమాలి కారెక్కించాం. పుట్టాక బొడ్డవర దాటడం అతనికి అదే మొదలు. చదును రోడ్డు మీద చేతి బ్రేకుతో నెట్టుకొచ్చాను. గొడ్లమంద కనిపిస్తే పావు మైలు ముందే వేగం తగ్గించేవాణ్ణి. గాసన్న తలుపు అంచు రెండు చేతులా పట్టుకుని, రెప్ప వెయ్యకుండా బయటికి చూస్తూనే ఉన్నాడు. సుక్రి అతని భుజం మీద నిద్రపోయింది.

బడి గేటు ముందు ఆగేసరికి ఇంకా వెలుగుంది. లోపల పెద్ద పంతులమ్మ ఉత్తరం చూసి, గడియారం చూసి, మా నలుగురి దుమ్ము మొహాలూ చూసి, పుస్తకంలో సుక్రి పేరు రాసింది. నాకు అంతటి ఆనందం ఏ దావా గెలిచినా కలగలేదు. సుక్రి, తండ్రి మోచేతికంటిన నెత్తురు పైటకొంగుతో తుడిచి, ఏదో వాళ్ళ మాటలో చెప్పి లోపలికి వెళ్ళింది. వరండా చివర ఒకసారి వెనక్కి తిరిగింది. గాసన్న పొమ్మన్నట్టు చెయ్యి ఊపాడు.

బయటికొచ్చాక, రాత్రికి మా ఇంట్లో ఉండమన్నాను. సోమవారానికి పట్టీలు వేయించి బొడ్డవర దాకా కారులో దింపుతానన్నాను.

"వొద్దు బావూ. నడిసెల్తాను."

"మూడు రోజుల నడకయ్యా! కారులో అయితే పూట పట్టదు."

"అదే గదా బావూ. ఈ బండిలో రెప్పేసి తీసేతలికి ఊళ్ళు ఎనక్కి ఎగిరిపోనాయి. ఏది ఎక్కడుందో నాకేటీ తెల్నేదు. ఇంటికెల్తే దానమ్మ అడుగుతాది, గుంట ఎంత దూరంలో ఉందీ అనీసి. నడిస్తేనే గదా సెప్పగలను?"

గొడ్డలి భుజాన వేసుకుని, శృంగవరపుకోట రోడ్డు ఎటని కామేశాన్ని అడిగి, ఆ వైపు నడిచాడు. మా బండి మైళ్ళ గడియారంలో ఆ దూరం ఉంది, అరవై చిల్లర. ఆ అంకె కేకేసి చెప్పబోయి, నోరు మూసుకున్నాను.